ఒప్పుకున్నంత మాత్రాన న్యాయమవుతుందా?



"వాడే ఒప్పుకుని పనిలోకి వచ్చాడండీ, నేనేమైనా మెడబట్టి లాక్కొచ్చానా?" ఈ మాట మనం తరచుగా వింటుంటాం. పొలం పనికి మనుషుల్ని మాట్లాడుకునేటప్పుడు, ఇంట్లో పనిమనిషికి జీతం చెప్పేటప్పుడు, దుకాణంలో కుర్రవాణ్ణి పెట్టుకునేటప్పుడు మనమే అంటుంటాం కూడా. వినడానికి సబబుగానే ఉంటుంది. ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నారు, ఇద్దరూ సరే అన్నారు, ఇక మూడోవాడు అడగడానికి ఏముంది?

సరిగ్గా ఈ ప్రశ్న మీదనే, 19వ శతాబ్దం ముగిసి 20వ శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో, అమెరికా సుప్రీంకోర్టు కొన్ని తీర్పులు చెప్పింది. ఎక్కడో సముద్రాల అవతల చెప్పిన తీర్పులతో మనకేం పని అనుకోకండి. వాటి నీడ మన రాజ్యాంగం మీద కూడా పడింది. అదెలాగో ఈ వారం నిదానంగా చూద్దాం.

1. బానిసల కోసం రాసిన మాట

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. బానిసత్వం రద్దయింది. విడుదలైన నల్లజాతివారికి పౌరహక్కులు కల్పించడం కోసం 1868లో ఆ దేశ రాజ్యాంగానికి 14వ సవరణ చేర్చారు. డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా, అంటే సరైన న్యాయ ప్రక్రియ లేకుండా ఏ రాష్ట్రమూ ఎవరి ప్రాణాన్ని గాని, స్వేచ్ఛను గాని, ఆస్తిని గాని హరించకూడదని అందులో ఉంది. చట్టం అందరినీ సమానంగా కాపాడాలని కూడా ఉంది.

మరి ఆ మాట ఎవరికి ఉపయోగపడింది? లూసియానా రాష్ట్రం 1890లో రైళ్లలో తెల్లవారికి, నల్లవారికి వేర్వేరు పెట్టెలుండాలని చట్టం చేసింది. దాన్ని ఎదిరించడానికి హోమర్ ప్లెసీ అనే యువకుడు 1892లో కావాలనే తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. ఆయన న్యూ ఆర్లీన్స్ నగరంలోని పునీత అగుస్తీనువారి కతోలిక దేవాలయంలో వివాహమాడినవాడు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1896లో ఏడుగురు న్యాయమూర్తులు ఆ చట్టం సరైనదేనన్నారు. జస్టిస్ హార్లన్ ఒక్కరే కాదన్నారు. పెట్టెలు వేరుచేయడంలో అవమానమేమీ లేదని, అవమానమని నల్లవారే భావించుకుంటే అది వారి భావన మాత్రమేనని తీర్పు రాసినవారు జస్టిస్ హెన్రీ బ్రౌన్. ఆ తీర్పు వెనుక ఉన్న సూత్రం 1954 వరకు నిలిచింది. లూసియానా గవర్నరు ప్లెసీకి క్షమాభిక్ష ఇచ్చింది 2022లో, ఆయన చనిపోయిన దాదాపు వందేళ్లకు.

బానిసల బిడ్డలకోసం రాసిన మాట వారికి అక్కరకు రాలేదు. అదే మాట యజమానులకు మాత్రం బాగా అక్కరకు వచ్చింది.

2. గనులు, రొట్టెలు

స్వేచ్ఛ అంటే ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ కూడా అని సుప్రీంకోర్టు 1897లో ఒక బీమా కేసులో చెప్పింది. అయితే పని గంటలకు ప్రభుత్వం హద్దు పెడితే, ఈ స్వేచ్ఛకు భంగం కలిగినట్టేనా?

1896లో యూటా రాష్ట్రం గనుల్లోను, లోహాలు కరిగించే కర్మాగారాల్లోను రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని చట్టం చేసింది. 1898లో కోర్టు దాన్ని సమర్థించింది. యజమాని, కూలి సమాన బలం ఉన్నవారు కారని, ఉద్యోగం పోతుందన్న భయంతో కూలి తన ఆరోగ్యానికి చేటైన షరతులకు కూడా తల ఊపుతాడని ఆ తీర్పులో ఉంది. దాన్ని రాసింది ఎవరనుకున్నారు? ప్లెసీ కేసులో తీర్పు రాసిన ఆ బ్రౌన్ గారే! గని కూలి నిస్సహాయతను చూడగలిగిన కన్ను, రైలు పెట్టెలోంచి దించివేయబడిన నల్లవాని బాధను చూడలేకపోయింది. మనకు కూడా ఇలాంటి ఒంటికన్ను చూపు ఉంటుందేమో ఎవరికి వారు పరీక్షించుకోవాలి.

ఇక అసలు కేసుకు వద్దాం. ఆనాడు న్యూయార్కు రాష్ట్రంలో చాలా బేకరీలు పేదలుండే భవనాల నేలమాళిగల్లో నడిచేవి. గాలి ఆడదు. ఒకవైపు బట్టీ వేడి, మరోవైపు ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయే పిండి దుమ్ము. వారానికి 70 గంటలకు పైగా పనిచేసేవారు ఎందరో. పనిచేసినచోటే పడుకునేవారూ ఉన్నారు. 1895లో ఆ రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా ఒక చట్టం చేసింది. బేకరీ గదులు ఎలా ఉండాలో, పడక ఎక్కడ ఉండాలో చెబుతూ, పనివారి చేత రోజుకు 10 గంటలకు, వారానికి 60 గంటలకు మించి పని చేయించకూడదంది.

యుటికా పట్టణంలో జోసఫ్ లాక్నర్ అనే బేకరీ యజమాని ఈ హద్దు దాటాడు. రెండవసారి దొరికినప్పుడు 50 డాలర్ల జరిమానా పడింది. రాష్ట్రంలోని పైకోర్టుల్లో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అక్కడ అతని తరపున నిలిచినవారిలో హెన్రీ వైస్‌మన్ ఒకడు. ఒకప్పుడు బేకరీ కార్మిక సంఘంలో ఉండి ఈ చట్టం కోసమే పోరాడినవాడు, తర్వాత తానే బేకరీ యజమానియై, న్యాయశాస్త్రం చదివి, ఆ చట్టాన్నే కూల్చడానికి వాదించాడు. మనిషి కూర్చున్న పీట మారితే చూపు మారడం మనకు తెలియనిదా!

1905 ఏప్రిల్ 17న తీర్పు వచ్చింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు. లాక్నర్ గెలిచాడు.

3. ఇరువైపులా ఏమన్నారు?

అయిదుగురి తరపున జస్టిస్ పెక్‌హామ్ రాసిన వాదన సారాంశం ఇది: రొట్టెలు చేసేవారు పసిపిల్లలు కారు, తెలివితక్కువవారు కారు. తమ మంచిచెడ్డలు తాము చూసుకోగలరు. గనిపనిలా ఇది అంత ప్రమాదకరమైన పని కాదు. మనిషి పది గంటలు పనిచేశాడా, పన్నెండు గంటలు చేశాడా అన్నదానిమీద రొట్టె శుభ్రత ఆధారపడదు. ఇవాళ బేకరీలకు హద్దు పెడితే, రేపు గుమాస్తాలకు, అచ్చుపనివారికి, వకీళ్లకు కూడా పెడతారు.

దీనిలో నిజం అసలే లేదని అనకూడదు. పేదవాణ్ణి తెలివిలేనివాడిగా చూసి, వాడి బదులు అన్నీ మనమే నిర్ణయించడం కూడా వాడి గౌరవానికి లోటే. పెద్ద బేకరీల పోటీకి తట్టుకోలేని చిన్న యజమానికి ఆ చట్టం బరువైందన్నది కూడా నిజమే.

కాని జస్టిస్ హార్లన్ వైద్యుల రాతలను ముందు పెట్టారు. పిండి దుమ్ము, వేడి, రాత్రి మేలుకోవడం వల్ల ఆ పనివారు యాభై ఏళ్లు దాటి బ్రతకడం అరుదని ఆ రాతలు చెప్పాయి. శాసనసభ ఇదంతా చూసి చేసిన చట్టాన్ని కోర్టు తోసిపుచ్చకూడదన్నారు. జస్టిస్ హోమ్స్ విడిగా రాస్తూ, ఫలానా ఆర్థిక సిద్ధాంతాన్ని రాజ్యాంగం శాసనంగా చేయలేదని, న్యాయమూర్తి తనకు నచ్చిన సిద్ధాంతాన్ని అందులోకి చొప్పించరాదని హెచ్చరించారు.

4. తుఫానులో ఓడ

ఇక్కడ కాస్త తత్త్వశాస్త్రం కావాలి. భయపడకండి, కష్టమైనదేమీ కాదు.

తుఫానులో చిక్కుకున్న ఓడను రక్షించుకోవడానికి నావికుడు సరకును సముద్రంలో పారవేస్తాడు. అది ఇష్టపడి చేసిన పనా, బలవంతాన చేసినదా? ఈ ప్రశ్న వేసినవాడు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్. పునీత తోమాసు అక్వినాసువారు కూడా దీన్ని చర్చించారు. ఆ క్షణంలో నావికుడు తానే ఎంచుకున్నాడు గనుక ఇష్టపూర్వకమే. కాని తుఫాను లేకపోతే ఏ నావికుడూ సరకు పారవేయడు గనుక, మరో విధంగా చూస్తే ఇష్టం లేనిదే.

ఇప్పుడు ఆ ఉదాహరణను ఒక్క అడుగు ముందుకు జరుపుదాం. తుఫానులో ఉన్న ఓడ దగ్గరికి ఒకడు పడవ వేసుకొచ్చి, "నీ సరకంతా నాకు రాసిస్తేనే ఒడ్డుకు చేరుస్తా" అన్నాడనుకోండి. నావికుడు ఒప్పుకుంటాడు. సంతకం కూడా పెడతాడు. ఆ తుఫానును పడవవాడు పుట్టించలేదు, నిజమే. కాని ఆ తుఫానును తన లాభానికి వాడుకున్నాడు. "నేనేమైనా బలవంతపెట్టానా?" అని అతడు అడిగితే మీరేమంటారు?

ఆకలి ఒక తుఫాను. అరటాకు వచ్చి ముల్లు మీద పడినా, ముల్లు వచ్చి అరటాకు మీద పడినా చిరిగేది అరటాకే అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక్కరోజు పని ఆగితే యజమానికి కాస్త లాభం తగ్గుతుంది, కూలివాని ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ ఇద్దరి "సరే" ఒకే బరువు తూగదు.

లాక్నర్ తీర్పుకు పద్నాలుగేళ్ల ముందే, 1891 మే 15న, జగద్గురువులు 13వ సింహరాయలు, అనగా పోపు లియోగారు, కార్మికుల స్థితిగతులపై "రేరుమ్ నొవారుమ్" అనే విశ్వలేఖను వెలువరించారు. కూలి విషయంలో ఇరుపక్షాలు స్వేచ్ఛగా ఒప్పందం చేసుకోవచ్చునని అందులో ఒప్పుకున్నారు. అయితే ఆ ఒప్పందాలన్నిటికంటే ముందుది, పైది అయిన సహజ న్యాయం ఒకటుందని బోధించారు. గతిలేక గాని, అంతకంటే పెద్ద కీడు వస్తుందన్న భయంతో గాని కార్మికుడు కఠిన షరతులకు ఒప్పుకుంటే అతడు బలాత్కారానికి, అన్యాయానికి గురైనట్టేనన్నారు. గనుల్లో పనిచేసేవారికి పని గంటలు తక్కువగా ఉండాలని కూడా అందులో ఉంది. 1906లో అమెరికాలో జాన్ రయన్ అనే గురువు ఈ బోధనను ఆధారం చేసుకుని, కుటుంబం గౌరవంగా బ్రతకడానికి చాలినంత జీతం కార్మికుని హక్కు అని ఒక గ్రంథమే రాశారు.

5. ఇద్దరు కతోలిక న్యాయమూర్తులు

1905లో సుప్రీంకోర్టులో కూర్చున్న తొమ్మిదిమందిలో ఇద్దరు కతోలికులు: జోసఫ్ మెక్‌కెన్నా, ఎడ్వర్డ్ వైట్. మరి వారు ఏ వైపు నిలిచారు? మెక్‌కెన్నా యజమాని వైపు, వైట్ హార్లన్‌తో కలిసి కార్మిక చట్టం వైపు. 1917లో ఆరెగాన్ రాష్ట్రపు పది గంటల చట్టం కోర్టుకు వచ్చింది. ఈసారి ఆ చట్టాన్ని సమర్థిస్తూ తీర్పు రాసినవారు మెక్‌కెన్నా! కాదన్నవారిలో వైట్ ఉన్నారు! ఇక ప్లెసీ కేసులో ఈ వైట్ గారు వేర్వేరు పెట్టెలకే ఓటు వేశారు. ఆ రోజు ఒంటరిగా నిలబడిన హార్లన్ కతోలికుడు కాడు. ఒకప్పుడు బానిసలున్న ఇంట పుట్టినవాడు.

ఇది వారిని నిందించడానికి చెప్పడం లేదు. న్యాయమూర్తి తీర్పు చెప్పవలసింది తన దేశ రాజ్యాంగాన్ని బట్టే. కాని మనకొక పాఠముంది. జ్ఞానస్నానం పొందినంత మాత్రాన ఎదుటివాని కష్టం మన కంటికి దానంతటదే కనబడదు. మనస్సాక్షికి చదువు చెప్పుకోవాలి. వాస్తవాలు తెలుసుకోవాలి.

ఆ వాస్తవాల విలువను 1908లో ఒక కేసు రుజువు చేసింది. ఆరెగాన్‌లో చాకలి కర్మాగారాల్లో స్త్రీల చేత రోజుకు పది గంటలకు మించి పని చేయించకూడదని చట్టముంది. పోర్ట్‌లాండ్ నగరంలో కర్ట్ ముల్లర్ అనే యజమాని దాన్ని అతిక్రమించి పది డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. రాష్ట్రం తరపున లూయీ బ్రాండైస్ అనే న్యాయవాది నూరు పేజీలకు మించిన పత్రం సమర్పించాడు. అందులో చట్టం గురించి ఉన్నది రెండు పేజీలే. మిగిలినదంతా వైద్యులు, ఫ్యాక్టరీ తనిఖీ అధికారులు చూసి రాసిన సంగతులు. వాటిని సేకరించడంలో జోసెఫిన్ గోల్డ్‌మార్క్ అనే మహిళ శ్రమ ఎంతో ఉంది. న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చట్టాన్ని సమర్థించారు. అయితే స్త్రీ బలహీనురాలు, తల్లి కావలసినది గనుక ఆమెకు రక్షణ కావాలన్నది వారు చూపిన కారణం. మేలు జరిగింది గాని, స్త్రీ పురుషునితో సమానం కాదన్న మాట కూడా దానితోపాటే స్థిరపడింది.

1923లో కోర్టు మళ్లీ వెనక్కు తిరిగి, స్త్రీలకు కనీస వేతనం నిర్ణయించిన చట్టాన్ని కొట్టివేసింది. చివరికి 1937లో ఎల్సీ ప్యారిష్ అనే హోటలు పనిమనిషి, వారానికి 48 గంటల పనికి చట్టం ప్రకారం రావలసిన పద్నాలుగున్నర డాలర్ల లెక్కన తన బాకీ ఇప్పించమని అడిగిన కేసులో, అయిదుగురు నలుగురి తేడాతో ఆమె గెలిచింది. లాక్నర్ నాటి ఆలోచనకు ఆ తీర్పుతో తెరపడింది.

6. మన రాజ్యాంగంలో ఆ నీడ

మన రాజ్యాంగం రాసే రోజుల్లో, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే అధికరణంలో అమెరికావారి "డ్యూ ప్రాసెస్" మాటనే పెట్టాలని మొదట అనుకున్నారు. 1947లో రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నర్సింగరావుగారు అమెరికా వెళ్లి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. 1917లో ఆరెగాన్ పది గంటల చట్టం తరపున వాదించినది ఈయనే. ఆ మాట జడ్జీల చేతిలో ఏమైందో స్వయంగా చూసినవాడు. దాన్ని పెట్టుకోవద్దనే సలహా ఇచ్చారు.

ముసాయిదా సంఘంలో ఈ మార్పును గట్టిగా సమర్థించినవారు మన నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌గారు. ఆ మాట ఉంటే సంఘ సంస్కరణ చట్టాలకు కోర్టుల్లో అడ్డంకి ఏర్పడుతుందని, అమెరికా చరిత్రను చూపించి, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో వాదించారు. అలా మన 21వ అధికరణంలో "చట్టం నిర్దేశించిన పద్ధతి" అన్న మాట చేరింది. యుటికాలో ఒక రొట్టెల కొట్టులో మొదలైన తగవు ఇంత దూరం వచ్చింది!

దీనికి కూడా మూల్యం చెల్లించవలసి వచ్చింది. చట్టముంటే చాలు అనుకుంటే, ఆ చట్టం అన్యాయమైనదైతే పౌరునికి దిక్కెవరు? 1975-77 అత్యవసర పరిస్థితిలో అది అనుభవమైంది. 1978లో మేనకా గాంధీ కేసులో మన సుప్రీంకోర్టు ఆ పద్ధతి న్యాయంగా, సబబుగా కూడా ఉండి తీరాలని చెప్పింది.

1982లో మరో తీర్పు వచ్చింది. ఢిల్లీ ఏషియన్ క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు రావాలి. మధ్యలో మేస్త్రీలు ఒక రూపాయి కమీషను కోసుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవారు. కూలీలు ఒప్పుకునే పనిచేశారు కదా? జస్టిస్ భగవతిగారు దానికి జవాబిచ్చారు. తుపాకీ చూపించడం ఒక్కటే బలవంతం కాదు, ఆకలి, పేదరికం కూడా బలవంతమే. కనీస వేతనం కంటే తక్కువకు చేయించే పని, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే. లాక్నర్ తీర్పు ఎక్కడ కళ్లు మూసుకుందో, ఈ తీర్పు అక్కడే కళ్లు తెరిచింది.

7. మన సంగతి

"ఫాదర్, ఎక్కువ గంటలు చేస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, కూలివాడికే ఇష్టం, చట్టమెందుకు అడ్డం?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముందు ఇది చెప్పండి: పది గంటలు కష్టపడినా అతని ఇల్లు ఎందుకు గడవడం లేదు? దానికి మందు జీతంలో ఉంది గాని, పదకొండో గంటలో లేదు. ఒకడు పద్నాలుగు గంటలకు ఒప్పుకుంటే, పక్కవాడు కూడా ఒప్పుకోక తప్పదు. అలసిపోయి ఇంటికి చేరిన తండ్రి బిడ్డల ముఖం చూసేది నిద్రలోనే. ఆదివారం దివ్యబలిపూజకు వచ్చే ఓపిక కూడా ఉండదు. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రోజువారీ పని హద్దును పది గంటలకు పెంచే నిర్ణయాలు తీసుకున్నప్పుడు చర్చకు వచ్చినది ఈ పాత ప్రశ్నే. ఏ పక్షం మాట్లాడినా, అటువంటి వేళ మనం అడగవలసినది ఒక్కటే: కాదనే శక్తి ఆ పనివానికి నిజంగా ఉందా?

పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో మెత్తగా మాట్లాడదు. కూలివాని కూలి పొద్దుగుంకక ముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం (24:14-15) ఆజ్ఞాపిస్తుంది. కూలి ఎగవేయడం రక్తం చిందించడమేనని సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం అంటుంది. అట్టిపెట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబుగారి లేఖ (5:4) హెచ్చరిస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ "వాడు ఒప్పుకున్నాడా?" అని అడగదు. "వాడికి చెందవలసినది చెందిందా?" అనే అడుగుతుంది.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి:

1. మన ఇంట్లో, పొలంలో, దుకాణంలో పనిచేసేవారు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు? వారానికి ఒకరోజు సెలవుందా?

2. వారి జీతం ఎంతని నిర్ణయించింది ఎవరు? తక్కువని చెప్పే ధైర్యం వారికుందా, ఆ ధైర్యం మనం ఇచ్చామా?

3. మనమే కూలికి, ఉద్యోగానికి వెళ్లేవారమైతే, గతిలేక ఒప్పుకున్న షరతు ఏదైనా ఉందా? తోటివారితో కలిసి దాన్ని న్యాయంగా అడగడానికి ఏ దారి ఉంది?

4. బ్రౌన్ గారికున్న ఒంటికన్ను చూపు మనకుందా? ఎవరి బాధ మనకు కనబడుతోంది, ఎవరిది కనబడడం లేదు?

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక మొదటి ప్రశ్నతో మొదలుపెట్టండి. జవాబు తెలియకపోతే, రేపు పనిలోకి వచ్చినవారినే అడగండి.